రెండో తరగతి హోంవర్క్: ఎంత చేయించాలి, ఎలా చేయించాలి, ఎక్కడ ఆపేయాలి

జూన్‌లో స్కూళ్లు తెరిచిన పదిహేను రోజులకి నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాలు, పక్క ఫ్లాట్ వాళ్లు, మా ఆడపడుచు, అందరిదీ ఒకటే గోల, "వీడు హోంవర్క్‌కి కూర్చోవట్లేదు వదినా, రాత్రి పదవుతోంది, వాడూ ఏడుస్తున్నాడు నేనూ ఏడుస్తున్నా" అని. నేను ఎనిమిదేళ్లు గుంటూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో ఒకటి, రెండు తరగతులకి చెప్పాను, ఇప్పుడు మా వాడే రెండో తరగతి. అంటే పిల్లల డైరీల్లో హోంవర్క్ రాసి పంపించిందీ నేనే, ఇప్పుడు సాయంత్రం డైరీ తెరిచి "ఇంతా?" అని తల పట్టుకునేదీ నేనే. ఒక్కొక్కళ్లకీ ఫోన్లో అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

ముందు చాలామందికి తెలియని సంగతొకటి. కేంద్రం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా అసలు హోంవర్కే ఇవ్వకూడదు. దాని బదులు నిన్న సాయంత్రం ఇంట్లో ఏం చేశావు, ఏం ఆట ఆడావు, ఏం తిన్నావు అని క్లాసులో పిల్లల చేత చెప్పించమన్నారు. మూడు నుంచి ఐదో తరగతి వాళ్లకి కూడా వారం మొత్తానికి రెండు గంటలకి మించొద్దన్నారు, రోజుకి కాదండోయ్, వారానికి. ఒకటి రెండు తరగతుల బ్యాగ్ బరువు 1.6 నుంచి 2.2 కిలోల లోపు ఉండాలి. దీనికి ముందే 2018లో మద్రాస్ హైకోర్టు కూడా సీబీఎస్‌ఈ స్కూళ్లలో ఒకటి రెండు తరగతులకి హోంవర్క్ వద్దంది.

మరి మన దగ్గరేమో ఎల్‌కేజీ నుంచే రెండు పేజీలు రాయిస్తారు. ఇందులో తప్పంతా స్కూల్ మీదే వేయను, ఎందుకంటే నేనొక సంవత్సరం పైవాళ్లని ఒప్పించి శుక్రవారాలు హోంవర్క్ ఆపేశాను, మూడో వారానికే ముగ్గురు పేరెంట్స్ వచ్చి "ఏంటి మేడం, డైరీ ఖాళీగా వస్తోంది, ఫీజు మాత్రం ఫుల్లుగా కట్టించుకుంటున్నారు" అన్నారు. కాబట్టి పాలసీ ప్రింట్ తీసుకెళ్లి ప్రిన్సిపల్‌తో గొడవ పెట్టుకోమని నేను చెప్పను, పెట్టుకున్నా పెద్దగా ఒరిగేదీ లేదు, ఇంట్లో మన చేతిలో ఉన్నది మనం సరిచేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

అసలు రెండో తరగతిలో ఏం రావాలి

ఇది తెలియకే సగం కంగారు. పక్కింటి పాప ఇరవయ్యో ఎక్కం చెప్తోందని మన పిల్లని కూర్చోబెట్టి బట్టీ పట్టిస్తాం. కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ అని చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో ఏ తరగతికి ఏం రావాలో చక్కగా రాశారు. ఒకటో తరగతి అయ్యేసరికి, ఇంతకుముందు చూడని పాఠంలోంచి నాలుగైదు చిన్న మాటలున్న వాక్యం చదవాలి, 99 దాకా అంకెలు చదివి రాయాలి, చిన్న చిన్న కూడికలు తీసివేతలు చేయాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థమయ్యేలా చదవాలి, 999 దాకా అంకెలు రావాలి, 99 లోపు తీసివేతలు రావాలి. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు, 9999 దాకా అంకెలు, మామూలు గుణకారం లెక్కలు. చదువుకి, లెక్కలకి సంబంధించి అంతే, ఇంకేం లేదు. తెలంగాణలో సర్కారు బడుల్లో 2022 నుంచి తొలిమెట్టు పేరుతో చేస్తున్నదీ ఈ దారిలోదే.

అందులో "అర్థమయ్యేలా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మన గొడవంతా అక్కడే ఉంది. మా క్లాసులో ఒక బాబు ఉండేవాడు, స్పెల్లింగులు అప్పజెప్పడంలో వాణ్ని మించినవాడు లేడు, "టి ఆర్ ఈ ఈ ట్రీ" అని ఊగుతూ టకటకా చెప్పేవాడు, అదే నేను బోర్డు మీద 'త్రీ' అని రాసి ఇదేంటి నాన్నా అంటే నా మొహం చూసేవాడు. ట్రీ వచ్చినవాడికి త్రీ రాకపోవడం ఏంటి? వాడికి వచ్చింది చదవడం కాదు, ఒక పాట. ఇంట్లో వాళ్లేమో "అన్నీ వచ్చు మేడం మావాడికి" అనేవాళ్లు, వాళ్ల తప్పు కాదు, వినడానికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది మరి.

మీ పిల్లల సంగతి తెలియాలంటే ఇలా చేయండి. వాళ్లు ఎప్పుడూ చూడని చిన్న కథ ఒకటి తీసుకోండి, పెద్ద అక్షరాలున్నది, ఫోన్లో టైమర్ ఒక నిమిషం పెట్టి చదవమనండి, టైమర్ వాళ్లకి కనపడనీకండి, కనపడితే పరుగు పందెం అవుతుంది. తర్వాత ఎన్ని మాటలో లెక్కపెట్టి, "ఎవరు వచ్చారు, ఎందుకు ఏడ్చింది" లాంటి ప్రశ్నలు రెండు అడగండి. ఇంగ్లీష్‌కీ తెలుగుకీ విడివిడిగా చేయండి, కాకపోతే తెలుగుకి ఆ 45 లెక్కని మరీ గీత గీసినట్టు పట్టుకోకండి. మన భాషలో 'వెళ్ళిపోతున్నారట' అనేది ఒక్కటే మాట, ఇంగ్లీష్‌లో అదే నాలుగైదు మాటలు, నిమిషంలో అన్ని మాటలు రాకపోతే పిల్లాడు వెనకబడ్డాడని కాదు.

హోంవర్క్‌కి కూర్చోబెట్టడం

స్కూల్ నుంచి రాగానే కూర్చోబెట్టొద్దు. పొద్దున ఎనిమిదింటికి వ్యాన్ ఎక్కి సాయంత్రం నాలుగున్నరకి దిగిన ఏడేళ్ల పిల్ల అది, మనమైతే ఆఫీస్ నుంచి వచ్చి టీ తాగకుండా కదలం. ఏదైనా తినిపించి ఒక గంట కిందకి వదిలేయండి. అలా అని రాత్రి తొమ్మిదికి కూడా వద్దు, అప్పుడు బుర్ర పనిచేయదు, ఏడుపు మాత్రం బాగా పనిచేస్తుంది. మా ఇంట్లో ఆరున్నర, అన్నానికి ముందు. టీవీ ఆపేస్తాం, మా అత్తయ్యగారి సీరియల్ ఏడింటికి కాబట్టి ఆ టైం కలిసొచ్చింది.

ఎంతసేపు? రెండో తరగతికి ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఇది నేను గాల్లోంచి తీసిన లెక్క కాదు. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది, వాళ్ల పాపది సెకండ్ గ్రేడ్, అమెరికాలో టీచర్లు చెప్పే వాడుక లెక్క ఏంటంటే గ్రేడ్‌కి పది నిమిషాలు, ఒకటికి పది, రెండుకి ఇరవై, అలా. ఇక్కడ స్కూల్ ఇచ్చేది దాని కంటే ఎక్కువే ఉంటుంది, తెలుసు. అప్పుడు ఏం చేయాలంటే ముందు బుర్ర పెట్టాల్సినవి చేయించండి, లెక్కలు, చదవడం, డిక్టేషన్ మాటలు. కాపీ రైటింగ్ చివర్లో. టైం అయిపోతే ఆపేసి డైరీలో "అరగంట చేశాడు, కాపీ రైటింగ్ ఒక పేజీ మిగిలింది" అని రాసి సంతకం పెట్టండి. మొదటిసారి భయం వేస్తుంది, పిల్లాడిని తిడతారేమో అని. నా అనుభవంలో అమ్మో నాన్నో అలా రాసి పంపితే పిల్లాడి మీద కోపం వచ్చేది కాదు, నేనే ఎక్కువ ఇచ్చానేమో అని ఆలోచించేదాన్ని. అందరు టీచర్లూ అలా ఉంటారని చెప్పను గానీ రెండుసార్లు రాసి చూడండి.

పక్కన కూర్చోవాలా అంటే, జూన్ జూలైలో కూర్చోండి. ఆగస్టు నుంచి అదే గదిలో మీ పని మీరు చేసుకోండి, కూర తరుక్కోండి, బట్టలు మడతపెట్టుకోండి, అడిగితేనే వెళ్లండి. డిసెంబర్‌కల్లా డైరీ వాడే తీసి, ఏముందో వాడే చదివి, వాడే మొదలుపెట్టాలి. డైరీ ఎవరు చదువుతున్నారన్నది చిన్న విషయంలా కనపడుతుంది, కానీ మనం చదివిపెడితే హోంవర్క్ మనది, వాడు చదివితే వాడిది.

ఇక రబ్బరు. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. నా క్లాసులో ఒక పాప నోట్‌బుక్ ముత్యాల్లా ఉండేది, అన్నీ కరెక్ట్, ఒక్క తప్పు లేదు. క్లాసులో డిక్టేషన్ పెడితే పదికి రెండు. నాకు కొన్నాళ్లు అర్థం కాలేదు, ఒకరోజు కరెక్షన్ చేస్తూ పేజీ మీద చేయి పెట్టాను, కాగితం గరుగ్గా తగిలింది, కొన్నిచోట్ల అయితే చెరిపి చెరిపి కన్నం పడబోతోంది. వెలుతురికి పట్టి చూస్తే కింద పాత అక్షరాల గాట్లు కనపడుతున్నాయి. పాప రాసిన తప్పులన్నీ వాళ్లమ్మ చెరిపించి మళ్లీ రాయించేది, కొన్ని తనే రాసేది కూడా, పాపం మంచి ఉద్దేశంతోనే. కానీ ఆ తప్పులు నాకు కావాలండి. నలభైమంది పిల్లల్లో ఎవరికి ఏం రాలేదో నాకు తెలిసేది ఆ తప్పుల వల్లే, అవి ఇంట్లోనే చెరిపేస్తే ఈ పాపకి అన్నీ వచ్చనుకుని నేను తర్వాతి పాఠానికి వెళ్లిపోయా. కాబట్టి తప్పు కనపడితే ఒకసారి "మళ్లీ చూసుకో" అనండి, వాడికి దొరికితే వాడే దిద్దుకుంటాడు, దొరక్కపోతే అలాగే పంపండి. ఎర్రపెన్ను గీత పడితే పడనివ్వండి.

అక్షరాలు తిరగేసి రాయడం గురించి కూడా చాలామంది భయపడతారు. బి బదులు డి, డి బదులు బి, ఏడేళ్ల దాకా ఇది మామూలే. మూడో తరగతిలోకి వెళ్లాక కూడా అలాగే ఉండి, చదవడానికి కూడా బాగా ఇబ్బంది పడుతుంటే అప్పుడు టీచర్‌తో మాట్లాడి ఎవరికైనా చూపించండి, ముందే డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) అని మీరే పేరు పెట్టేయకండి.

తెలుగు

ఇంగ్లీష్ మీడియం పిల్లలకి తెలుగంటేనే ఎక్కువ ఏడుపు ఇప్పుడు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక ఏ బోర్డు స్కూల్ అయినా తెలుగు చెప్పాల్సిందే, అయినా చాలా ఇళ్లలో తెలుగు హోంవర్క్ అమ్మమ్మలకి, నానమ్మలకి వదిలేస్తారు, నిజానికి వాళ్లే బాగా చెప్తారు, అది వేరే సంగతి.

గుణింతాలు వరసలో క కా కి కీ అని గడగడా చెప్తారు. మధ్యలోంచి 'కె' చూపిస్తే మళ్లీ క దగ్గర్నుంచి మొదలుపెట్టి వేళ్లు లెక్కపెట్టుకుంటూ వస్తారు. అందుకని వరస తప్పించి అడగండి. గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, ఎత్వం, ఈ పేర్లు చెప్పించి, 'మ'కి గుడి ఇస్తే ఏంటి, 'ల'కి కొమ్ము ఇస్తే ఏంటి అని ఆటలా అడిగితే వంట చేసుకుంటూ కూడా అయిపోతుంది. కలిసిపోయే అక్షరాలు కొన్ని ఉన్నాయి, వ ప మ ఒక గుంపు, ద ధ థ ఒక గుంపు, బ భ ఒక గుంపు. ఒక గుంపులోవి ఒకేరోజు చెప్పకండి, 'ప' గట్టిపడ్డాక 'వ' చేయించండి.

వత్తులకి నాదొక చిట్కా ఉంది, ఇది మా క్లాసులో బాగా పనిచేసింది. చాలా వత్తులు అక్షరం తలకట్టు తీసేసి కింద పెట్టినట్టే ఉంటాయి, పిల్లలు పట్టేస్తారు. ఆరు మాత్రం అక్షరంతో పోలికే లేకుండా ఉంటాయి, త, న, మ, య, ర, ల. ఆ ఆరింటికీ ఇంట్లో మాటలే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఈ ఆరూ ఒక కాగితం మీద పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించండి. తర్వాత 'తమ్ముడు' దగ్గర ఆగిపోతే "ఫ్రిజ్ మీద అమ్మని చూడు" అంటే చాలు. మావాడు మొదట్లో అమ్మ అని రాయమంటే 'అమమ' అని రాసేవాడు, వినపడిందే రాశాడు పాపం, రెండు మ లు ఉన్నాయి కదా అని.

రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించడం మాత్రం మానొద్దు, స్కూల్ ఇచ్చినా ఇవ్వకపోయినా. పాఠ్యపుస్తకమే అక్కర్లేదు, పిల్లల కథల పుస్తకం, షాపుల బోర్డులు, పెళ్లి శుభలేఖ, బిస్కెట్ ప్యాకెట్, ఏదైనా సరే. బస్సు బోర్డులు అయితే మావాడికి పిచ్చి, "చిలకలూరిపేట" ఒక్కసారి చదవగలిగాక ఆ రోజంతా అదే.

లెక్కలు

రెండో తరగతిలో పిల్లలు ఇరుక్కునే చోట్లు రెండు. ఒకటి ఇంగ్లీష్ అంకెల పేర్లు. "సెవెంటీన్ రాయి" అంటే చాలామంది 71 రాస్తారు, మందమతులు అయి కాదు, సెవెన్ ముందు వినపడింది కాబట్టి ఏడు ముందు రాశారు. దీనికి తెలుగే మందు. పదిహేడు అనండి, పది ముందే ఉంది, ఏడు తర్వాత ఉంది. ఇరవై మూడు, నలభై ఆరు, తెలుగులో పలికిన వరసలోనే రాస్తాం. మీడియం ఇంగ్లీషే అయినా ఇంట్లో రెండు పేర్లూ కలిపి చెప్పండి, "సెవెంటీన్, పదిహేడు" అని, నెలలో తేడా తెలుస్తుంది.

రెండోది అప్పు తెచ్చుకునే తీసివేత. 52లోంచి 27 తీసెయ్ అంటే 35 వేస్తారు, ఎందుకంటే రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు, పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మనమే కదా చెప్పింది. మనం వెంటనే "పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో" అంటాం. నేనూ అన్నా. మావాడు పెన్సిల్ కింద పెట్టి "మళ్లీ ఎప్పుడిచ్చేస్తాం అమ్మా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడడిగింది కరెక్టే, అప్పు తెచ్చింది ఒకటైతే ఇక్కడికొచ్చేసరికి పది ఎలా అయింది అనేది ఆ కథలో లేదు.

చీపురు పుల్లలో, ఐస్‌క్రీం పుల్లలో తీసుకోండి. పదేసి కట్టలు ఐదు రబ్బరు బ్యాండ్ వేసి కట్టండి, విడిగా రెండు పుల్లలు పెట్టండి. అది 52. "ఇందులోంచి నాకు 27 ఇవ్వు" అనండి. రెండు కట్టలు ఇచ్చేస్తారు, ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, చూస్తే రెండే ఉన్నాయి. మీరేం చెప్పకండి, నోరు మూసుకుని కూర్చోండి, ఇదే కష్టం. కాసేపటికి వాళ్లే ఒక కట్ట రబ్బరు బ్యాండ్ విప్పుతారు. మావాడు విప్పే ముందు నా మొహం చూశాడు, విప్పొచ్చా అన్నట్టు, నేను కూరలో ఉప్పు చూస్తున్నట్టు నటించా. విప్పాడు, పన్నెండు పుల్లలయ్యాయి, ఏడు ఇచ్చాడు, ఐదు మిగిలాయి, కట్టలు రెండు మిగిలాయి, 25. ఒక వారం పుల్లలతో చేశాక కాగితం మీద ఐదు కొట్టేసి నాలుగు రాస్తుంటే "కట్ట విప్పా" అంటున్నాడు, అప్పు అనట్లేదు.

వేళ్ల మీద లెక్కపెడితే కొట్టొద్దు, తిట్టొద్దు, అవసరం లేనప్పుడు వాళ్లే మానేస్తారు. ఎక్కాలు రెండు, మూడు, ఐదు, పది వస్తే రెండో తరగతికి హాయిగా సరిపోతుంది. బట్టీతో పాటు, "మనం నలుగురం, తలా మూడు ఇడ్లీలు, ఎన్ని వేయాలి" అని అడగండి. ఇంకోటి, ఇప్పటి పిల్లలు డబ్బులే చూడట్లేదు, అంతా ఫోన్‌పే స్కానింగే. మా చిన్నప్పుడు కొట్టుకెళ్లి చిల్లర లెక్కపెట్టుకుని రావడంలోనే సగం తీసివేతలు వచ్చేసేవి. వారానికోసారి యాభై నోటు ఇచ్చి పాల ప్యాకెట్‌కి పంపండి, మీరు వెనకాల నిలబడండి, చిల్లర ఎంత రావాలో వాడు ముందే చెప్పాలి.

ప్రాజెక్టులు, సెలవుల హోంవర్క్

రాత్రి తొమ్మిదింటికి క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో "రేపు సోలార్ సిస్టం మోడల్ తేవాలట కదా" అని మెసేజ్ వస్తుంది, నాన్నలు థర్మాకోల్ కోసం బండేసుకుని వెళ్తారు. నేను టీచర్‌గా ఉన్నప్పుడు టేబుల్ మీద ముప్పై మోడళ్లు ఉంటే అందులో పిల్లలు చేసినవి నాలుగో ఐదో, చూడగానే తెలిసిపోతుంది, వంకరగా ఉంటాయి, జిగురు కారుతుంటుంది, గురుగ్రహం కంటే భూమి పెద్దగా ఉంటుంది. ఆ పిల్లల్ని అడిగితే మాత్రం ఏది ఎక్కడ ఎందుకు పెట్టారో గుక్క తిప్పుకోకుండా చెప్తారు. మీరు కత్తెరతో కోసేది, వేడి జిగురు లాంటివి మాత్రం చేయండి, మిగతాది వాళ్లకి వదిలేయండి. బహుమతి రాకపోతే రాదు.

దసరా, సంక్రాంతి సెలవుల హోంవర్క్‌ని చివరి రెండు రోజులకి పెట్టుకోకండి. మొదటి రోజే పేజీలు లెక్కపెట్టి రోజుకి ఇన్ని అని పెన్సిల్‌తో తేదీలు వేసేయండి, ఊరెళ్లే రోజులు, పండగ మూడు రోజులు వదిలేసి. అమ్మమ్మగారింట్లో పుస్తకం తీయించొద్దు దయచేసి.

ట్యూషన్ పెట్టాలా అని అడుగుతారు. రెండో తరగతికి నేనైతే పెట్టను, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంట్లో వేరే దారి లేదు, వాళ్లని తప్పుపట్టను. పెడితే మాత్రం హోంవర్క్ పూర్తి చేయించి పంపమని కాకుండా, రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించమని ఆ మేడంకి చెప్పండి.

అన్నట్టు పీటీఎంకి, అదే పేరెంట్స్ టీచర్ల మీటింగ్‌కి వెళ్లినప్పుడు "మావాడు ఎలా చదువుతున్నాడు మేడం" అని అడిగితే "బాగానే ఉన్నాడు, కొంచెం అల్లరి" అనే సమాధానమే వస్తుంది, వరసలో ఇంకా ముప్పైమంది ఉంటారు మరి. అలా కాకుండా "చూడని పాఠం ఇస్తే చదువుతున్నాడా? కట్టలు విప్పే తీసివేత సొంతంగా చేస్తున్నాడా? డిక్టేషన్‌లో ఏ మాటలు పోతున్నాయి?" అని అడగండి. నన్ను అలా అడిగినవాళ్లకి నేను నోట్‌బుక్ తీసి పేజీ చూపించి చెప్పేదాన్ని.